గ్రాంటు లనేకము - గడప యెక్కడ?

కావలి యనగా కాపు, రక్షణ. ఆ పట్టణమున కా పేరు వచ్చిన కథ యెట్లున్నను, ఆ పేరుగల యూరియందే మన జిల్లాలో 'నేరము మానుపు' పేర ప్రభుత్వపు సొమ్ముతో నడచిన మొదటి గొప్ప యేర్పాటు వెలసినదని నేటి యువకులలో నెందఱెఱుగుదురు? 1871లో ఉత్తర హిందూస్థానమున కొఱకు పుట్టిన నేరస్థ జాతుల చట్టము 1911లో చెన్నరాజధానికి విస్తరింపబడెను. పిదప కొలది సంవత్సరములకే అమెరికన్ బాప్టిస్టు మిషను వారి యాజమాన్యమున, బాడెన్ పాదిరిగారి పర్యవేక్షణమున, కావలిలో ఎఱుకల సెటిల్‌మెంటు నడువసాగినది. కొంత యెడమున బిట్రగుంట చెంత కప్పరాళ్ళతిప్పయు నట్టిదే. ఉత్తరముగా బాపట్ల ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీవారి స్టూవర్టుపురము, గవర్నరు కార్యాలోచన సభలోని హెరాల్డ్ స్టూవర్టు దొర పేర, ఆ కాలముననే లేచినది. యాజమాన్యము మతసంస్థలది, గ్రాంటు సర్కారుది, కాపలా పోలీసులది. లోపలనున్నవారి కెవ్వరికిని అందులో మాట లేదు.

యువజనులు ముఠాలలోబడి చెడకుండుటకై ప్రభుత్వములు వెచ్చించు ధనమును గూర్చి ఇప్పుడు దేశమంతట చర్చ జరుగుచున్నది. గంజాయి వచ్చినది, కత్తులు వచ్చినవి, పదునాఱేండ్ల బాలుడు ముగ్గురు మిత్రులను గూర్చుకొని బెదరింపులకు దిగుచున్నాడని నెల్లూరు పట్టణవాసులు మొఱపెట్టుచున్నారు. మొఱ న్యాయమైనదే. కాని ఈ ధనము ఏ దారిని వచ్చుచున్నది, ఏ చేతులలో నిలిచిపోవుచున్నది, ఎవని గడపకు జేరుచున్నది యను విచారణ కావలి కథతో మొదలిడక తీఱదు. ఏలయన, తప్పుదారిని నడచిన గ్రాంటు ఒక జాతిని నాలుగు తరములపాటు ఎట్లు ముద్రవేసి నిలుపగలదో మన తీరమే సాక్ష్యము.

ఎఱుకలవారు పూర్వము చేసిన వృత్తి యేమి? తీరమునందలి ఉప్పు కొటారులనుండి గాడిదలపైనను, పెరికె యెద్దులపైనను ఉప్పు కెత్తుకొని మెట్టనాటి గ్రామములకు బోయి, ధాన్యమునకు మార్చి, మరల తీరమునకు వచ్చుట. వారు రానియెడల లోనాటి సంసారికి కూటిలో ఉప్పు లేదు. 19వ శతాబ్ది యుత్తరార్ధమున ఉప్పుపై సర్కారు పట్టు బిగిసినది. బకింగుహాము కాలువ పడవలు, తరువాత రైళ్ళు, ఉప్పును టోకున మోయజొచ్చినవి. పెరికె యెద్దుకు పని పోయినది. పని పోయినవాడు తిరుగుట మాత్రము మానలేదు; ఆ తిరుగుటయే నేరముగా నెంచబడినది. వర్తకుడు దొంగయైనది ఆ విధముగ. ఈ మాటను మేము దొంగతనమును సమర్థించుటకై చెప్పుటలేదు. కారణ మెఱుగక మందిచ్చు వైద్యుని మన రైతులు తమ యెద్దులకు సైతము పిలువరు.

యానాదుల మాట మఱియు విపరీతము. మన మాగాణి రైతులు తరతరములుగా పంటకాపునకు యానాదినే పెట్టుకొనిరి. పాము మంత్రమునకు, ఎలుకల బొరియలు త్రవ్వుటకు, రేయి కళ్ళము కాచుటకు ఆతడే. అట్టివారిలో కొన్ని కూటములను సైతము ఆ చట్టము క్రింద నమోదు చేసిరి. కళ్ళమునకు కావలివాడు, ఠాణాలో కేడీ! ఈ 'కేడీ' యను మాట మనము తెలుగని తలచి వాడుచున్నాముగాని, అది ఎఱిగిన దోపిడికాడు అను నర్థము గల రెండు ఆంగ్లపదముల తొలి యక్షరములు. పోలీసు పుస్తకమునుండి మన నాలుకకు వచ్చినది.

ఆ చట్టములోని యొక విధి పాఠకులు గమనింపవలెను. 1924లో దానిని మరల వ్రాసినపుడు, ఆఱేండ్లు దాటి పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను తలిదండ్రులనుండి వేఱుచేసి పారిశ్రామిక పాఠశాలలలోనో, వ్యవసాయ పాఠశాలలలోనో, దిద్దుబాటు బడులలోనో ఉంచుటకు ప్రభుత్వమున కధికార మిచ్చియుండిరి. ఉద్దేశము మంచిదేయని ఆ నాటి నివేదికలు చెప్పును. పిల్లలకు చదువు, పనితనము నేర్పుటయే గదా! కాని తల్లినుండి బిడ్డను విడదీసి నేర్పిన పనితనము ఎవరికి బనికివచ్చినది? స్టూవర్టుపురము వారిని చీరాల పొగాకు కర్మాగారమునకు కూలికి బంపిరి. చౌకగా, పాఱిపోలేని కూలివారు దొరకుట యజమానులకు సంతోషమే.

1947లో చెన్నరాష్ట్ర శాసనసభ ఈ చట్టమును రద్దుచేసెను. దేశమంతట అది తొలగినది 1952 ఆగస్టు 31వ తేదీన. ఈ రద్దుకొఱకు మన జిల్లావారైన వెన్నెలకంటి రాఘవయ్యగారు చేసిన కృషి చిన్నది కాదు. న్యాయవాదియై, జాతీయోద్యమమున చెఱసాలకేగి, యానాదుల గుడిసెలవెంట తిరిగి, ఆదిమజాతి సేవక సంఘమును నెలకొల్పి, వారిని గూర్చి గ్రంథములు వ్రాసిన ఆయనకు 1973లో పద్మభూషణ బిరుదము లభించినది. ఆయన పేరిట మన పట్టణములో నేడు జరుగు స్మరణ ఆయన శ్రమకు దగినంత యున్నదా యని అడిగిన, పెద్దలు తలవంచుకొనవలసి వచ్చును.

చట్టము పోయినను పుస్తకము పోలేదు. నేరస్థ జాతి యను మాటకు బదులు అలవాటు నేరస్థు డను మాటతో వేఱు చట్టములు రాష్ట్రములలో నిలిచినవి. చెన్నరాష్ట్రములో 1948లోనే అట్టిది వచ్చినది. పట్టణములలో దృష్టి మరల్చి సంచి లాగుకొనిపోవు దొంగ లెవరైన దొరికినపుడు 'కప్పరాళ్ళతిప్ప ముఠా' యని పత్రికలు పెద్దయక్షరములతో అచ్చువేయుటయు నదే వరుస. మా వృత్తివారి దోషమును మేమే చెప్పుకొనవలెను. ఆ యూర పుట్టి, డిగ్రీ చదివి, ఉద్యోగపు దరఖాస్తులో ఊరిపేరు వ్రాయుటకు చేయి వణకు పిల్లవానికి ఆ శీర్షిక యేమి చేయునో సంపాదకులు తలచుట లేదు. 1970ల దశాబ్దమున లవణం, హేమలతా లవణం దంపతులు స్టూవర్టుపురములో కూర్చుండి, పోలీసులకును ప్రజలకును నడుమ మాట కలుపుచు చేసిన పని మాత్రము వేఱుతీరున సాగినది. వారు మొదట అడిగినది గ్రాంటు కాదు, నమ్మకము.

ఇక వర్తమానమునకు వత్తము. విడవలూరు పక్కనో, ఇందుకూరుపేట తీరముననో యొక యానాది బాలుని ఊహింతము. ఫలానా వాడని కాదు, అట్టివారు గలరు. వానికి పదునైదేండ్లు. తండ్రి యొక రొయ్యల చెఱువుకు కాపలాదారు. నివాసము గట్టుమీది రేకుల గుడిసె. వాడు ఎనిమిదవ తరగతిలో బడి మానినాడు. పట్టణమునుండి మోటారుసైకిలుపై వచ్చు కుఱ్ఱవాడొకడు, చిన్న పొట్లము నొకచోటినుండి యొకచోటికి జేర్చిన యెడల ఐదువందల రూపాయలిత్తు ననుచున్నాడు. ఈ క్షణమున వానిని నిలుపగలిగిన సర్కారు సొమ్ము ఎంత గలదు? కాగితముమీద కొదువ లేదు.

పిల్లల రక్షణకై మిషన్ వాత్సల్య అను పథకము గలదు. అందు కేంద్రమునకు అఱువది, రాష్ట్రమునకు నలువది పాళ్ళ వంతున వ్యయము. కష్టములోనున్న కుటుంబపు బిడ్డకు నెలకు నాలుగువేల రూపాయల సహాయ మిత్తురు. కాని గ్రామమందలి కుటుంబపు ఆదాయము ఏటికి 72,000 రూపాయలకు మించరాదు, పట్టణములలో 96,000. ఉపకారవేతనమునకు గిరిజన సంక్షేమ శాఖకు బోయిన, అచట పరిమితి రెండున్నర లక్షలు, పైగా కుల ధ్రువపత్రము కావలెను. వైద్యపు బీమాకు 2011 నాటి సామాజిక ఆర్థిక కుల గణన జాబితా చూతురు. ఆ లెక్క తీసినపుడు వీని తండ్రి యే గట్టుమీద నుండెనో! ఇంటికొఱకు గ్రామీణాభివృద్ధి శాఖ, పొలము పట్టాకు రెవెన్యూ, మత్తు మానుపునకు 2020లో మొదలైన నషాముక్త భారత్ ప్రచారము, అది సామాజిక న్యాయ శాఖది. గంజాయి పట్టుటకు రాష్ట్రములో 2024లో ఏర్పడిన ఈగల్ దళము, అది హోముశాఖది. యానాదుల కొఱకే నెల్లూరులో వెలసిన సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ వేఱు. ఇన్నిటికిని మొదట ఆధార్ కావలెను. ఆధార్‌కు పుట్టిన తేదీ కావలెను. గట్టుమీద పుట్టినవానికి ఆ తేదీ వ్రాసినవా రెవ్వరు?

తండ్రి యొకనాటి కూలి మానుకొని నెల్లూరికి బోయిన, ఆ కార్యాలయము ఈ కార్యాలయమునకు, ఈ కార్యాలయము మఱియొక దానికి. మూడవనాడు యజమాని పిలుచును. చెఱువు కాపలా వదలిన జీతము కోసికొందును అనును. (ఈ వాక్యము చదువు భూస్వాములలో కొందఱు తమ్ము దలచుకొందురేమో, తలచుకొనుట మంచిదే.) ఐదువందల రూపాయల పొట్లమునకు మాత్రము దరఖాస్తు లేదు, ధ్రువపత్రము లేదు, ఆ పూటకే రొక్కము.

పాలకు లీ చిక్కు నెఱుగరని మేమనము. కేంద్రప్రాయోజిత పథకములు అఱువదియాఱు ఉండగా, ముఖ్యమంత్రుల యుపసంఘము 2015లో చేసిన సిఫారసులపై 2016లో వానిని ఇరువదియెనిమిది గొడుగుల క్రిందికి జేర్చిరి. 2021 జూలై 1 మొదలు ప్రతి పథకమునకు రాష్ట్రములో ఒక్క నోడల్ సంస్థ, ఒక్క బ్యాంకు ఖాతా యుండవలెనని నియమించిరి. సొమ్ము ఎక్కడెక్కడనో బ్యాంకులలో నిదురించుట దీనివలన తగ్గినదనుట నిజము. అయినను ఈ సంస్కరణమంతయు ఢిల్లీకిని అమరావతికిని నడుమ నడచినది. గొడుగు పైన నొకటియే. దాని క్రింద చువ్వలన్నియు యథాపూర్వముగ వేఱువేఱే. లెక్కల యధికారికి ఖాతా యొకటైనది గాని, చెఱువుగట్టుపై బాలునికి గడప యొకటి కాలేదు.

దీనికి తార్కాణము వెదకుట కెంతో దూరము పోనక్కఱలేదు. నేరస్థ జాతులని ముద్రపడి విముక్తులైన వారికొఱకే 2022 ఫిబ్రవరిలో కేంద్రమువారు సీడ్ అను పథకమును ప్రారంభించిరి. 2021-22 మొదలు ఐదేండ్లకు 200 కోట్ల రూపాయలు. అందు నాలుగు భాగములు: పోటీ పరీక్షలకు శిక్షణ, ఆరోగ్య బీమా, జీవనోపాధి, గృహనిర్మాణము. వినుటకు చక్కగా నున్నది. కాని బీమా ఆరోగ్య సంస్థలవారి ద్వారా, ఉపాధి గ్రామీణ జీవనోపాధి మిషను ద్వారా, ఇల్లు గృహనిర్మాణ పథకము ద్వారా! అట్టి సహాయము వేఱొకచోట పొందుచున్నవారికి ఇది లేదు. మొదట విముక్త జాతివాడను ధ్రువపత్రము తేవలెను. ఆ పత్రము నిచ్చుటలో పెక్కు రాష్ట్రములు జాగు చేసినవి. మన ఎఱుకలవారును యానాదులును షెడ్యూల్డు తెగల జాబితాలో నుండుటచే వారికి రెండవ పత్ర మేలయని తహసీలు గుమాస్తా అడుగుట సహజమే. ఖర్చు మందగించుటను పార్లమెంటు స్థాయీసంఘమే యాక్షేపించినది. నూఱేండ్ల క్రిందట ఆ ముద్ర వేయుటకు ఒక్క నోటిఫికేషను చాలినది. ముద్ర వలని నష్టమును దీర్చుటకు ఇన్ని కాగితములు!

ఈ వ్యాధి మనకే కలిగినది కాదు. అమెరికాలోని లాస్ ఏంజెలీసు నగరము ముఠాల కొట్లాటలకు పేరుపొందినది. పోలీసుల దాడులతో దశాబ్దములు గడచినవి. అడ్వాన్స్‌మెంట్ ప్రాజెక్టు అను న్యాయవాదుల సంస్థ, కాన్నీ రైస్ అను వనిత నాయకత్వమున, 2007లో నగరపాలకుల కొక నివేదిక యిచ్చి, యువకుల రక్షణ పేర నడచు కార్యక్రమములు చెదరి, ఒండొంటితో పొసగక యున్నవని చూపినది. మఱుసటియేట నగరపు లెక్కల కంట్రోలరు లారా చిక్ అదే మాట ధ్రువపఱచి, వీనినన్నిటిని మేయరు కార్యాలయము క్రింద నొకచోట జేర్పుమని చెప్పినది. అట్లు జేరినవి. తరువాత వారు చేసిన మార్పులలో మనకు పాఠమైనది యొకటి గలదు: పదేండ్లు మొదలు పదునైదేండ్ల వఱకుగల పిల్లలలో ఎవరికి నిజముగా అపాయమున్నదో తెలిసికొనుటకు విశ్వవిద్యాలయ పండితులచే నొకే ప్రశ్నావళిని సిద్ధము చేయించి, అన్ని పేటలలోను దానినే వాడిరి. వాడ చెడ్డదనియు, జాతి చెడ్డదనియు పిల్లవానిని జేర్చుకొనుట గాదు. ఆ పిల్లవాని స్థితినిబట్టి జేర్చుకొనుట. మన సెటిల్‌మెంటుల పద్ధతికి ఇది సరిగా తలక్రిందులు. ముఠాలు మాయమైనవని ఆ నగరమువారే చెప్పరు. కాని ఎచట నెంత వ్యయమైనదో, ఎవని నిమిత్తమైనదో అడిగినవారికి జవాబు దొరకుచున్నది.

అయిన మన జిల్లాలో అన్ని గ్రాంటులను గలిపి ఒక్క మూట చేయుదమా? ఇచట మేము తొందరపడము. గిరిజనుల సొమ్మును, హరిజనుల సొమ్మును ఇతర వ్యయములలో గలుపరాదనియే 2013లో ఉపప్రణాళికల చట్టము వచ్చినది. మూట యొకటైనయెడల బలవంతుని చేయి ముందు పడును. యానాది పేర వచ్చిన రూపాయి పట్టణపు కూడలిలో కెమెరా స్తంభమైపోవును. అదియు 'యువజన హింసా నివారణ'మే యని ఫైలులో వ్రాయుదురు. కనుక గలుపవలసినది సొమ్మును గాదు, కాగితమును. దరఖాస్తు ఒకటి, ఆదాయపు విచారణ ఒకటి, ధ్రువపత్రము ఒకటి. తక్కిన పంపిణీ, ఈ వ్యయము ఏ శాఖ పద్దులో వ్రాయవలెననునది, కలెక్టరు కచ్చేరిలో లోపల లోపల తేల్చుకొనవలసిన పని. తండ్రి తిరుగవలసిన పని గాదు. ఆదాయపు పరిమితి ఒకచోట 72,000, ఒకచోట రెండున్నర లక్షలు నుండుటకు కారణము ఢిల్లీలో వేఱు గదులుండుటయే తప్ప ఆకలిలో భేదము గాదు.

ఈ ఒక్క గడపకు అధికారి ఎవరు? పోలీసు సూపరింటెండెంటు గారాదు. మంచి పోలీసు అధికారులు లేరని గాదు. బాలుని పోలీసు స్టేషనుకు బిలిచి చదువు చెప్పించినను ఊరివారు వానిని కేడీయనియే యందురు. సహాయము పొందినవారి జాబితా ఏనాడైన రౌడీషీటు తెఱచుటకు ఆధారమైనయెడల, అది కావలి సెటిల్‌మెంటునకు కొత్తపేరు మాత్రమే. 2015 నాటి బాలన్యాయ చట్టము, తప్పుచేసిన బాలునికి సైతము కొత్తగా బ్రతుకు మొదలిడు హక్కు గలదనియు, సాధారణముగ వాని పాత దాఖలాలు తుడిచివేయవలెననియు చెప్పుచున్నది. తప్పుచేసిన వానికే ఆ మర్యాద యుండగా, తప్పు చేయకుండ సహాయము గోరిన వాని పేరు స్టేషను పుస్తకమున కెక్కుట ఏ న్యాయము? ఆ జాబితా పిల్లల రక్షణ శాఖలో భద్రముగ నుండవలెను; పోలీసుల కది కావలసినచో బాలన్యాయ మండలి యనుమతి పొందవలెను.

మఱియొక మాట, గ్రాంటు కాలమును గూర్చి. ఊరిలో సాయంకాలపు చదువు చెప్పు సంఘమునకు ఏడాదికొక గ్రాంటు నిచ్చి, వ్యయధ్రువీకరణము వచ్చువఱకు రెండవ వాయిదా బిగబట్టుదురు. ఉపాధ్యాయురాలు జీతము లేక నాలుగునెలలు చూచి మానుకొనును. బడి మూతపడిన వారమే మోటారుసైకిలు కుఱ్ఱవాడు మరల వచ్చును. ఇట్టి పనికి మూడేండ్ల హామీ లేని గ్రాంటు ఇచ్చుటకంటె ఈయకుండుట మేలు. పిల్లలు ఒకమాఱు నమ్మి మోసపోయిన, రెండవమాఱు నమ్మరు.

మన మిత్రులలో కొందఱు, "అయ్యా! మోటారు పంపుల తీగలు కోసికొని పోవుచున్నారు, చెఱువులో మేత బస్తాలు పోవుచున్నవి, మీరు గ్రాంటుల మాట చెప్పుచున్నారు, లాఠీ మాట చెప్పరేమి" అని యడిగెదరు. లాఠీ 1911లోనే వచ్చినది, సంతకముల పుస్తకముతోను, కాపలా గోడలతోను, పాదిరితోను గూడ వచ్చినది. తీగలు పోవుట ఆగినదా? రైతు నష్టము నిజమైనది. తీగ దొంగిలించినవానిని పట్టి న్యాయస్థానమున నిలుపవలసినదే. దొంగ సొమ్ము కొను పాతసామాను వర్తకుని సైతము నిలుపుడు. వాడు ఏ సెటిల్‌మెంటులోను పుట్టలేదు. ఆ పిమ్మట, చెఱువు కాపలాదారు కుటుంబమునకు మీ చేతనైన పనియు నొకటి గలదు. వాడు మీవద్ద ఇన్నియేండ్లుగా నున్నాడని, ఇంత జీతమని, బిడ్డలు ఇందఱని యొక కాగితముపై వ్రాసి సంతకము చేసి యిండు. నివాసపు రుజువు లేక ఆగిపోయిన దరఖాస్తులు కొన్ని ఆ కాగితముతో కదలగలవు. జీతము వ్రాసిన కనీస కూలి బయటపడునని జంకువారు ముందుగ కనీస కూలి నిండు.

జిల్లా ప్రణాళికా సంఘమును రాజ్యాంగమే యేర్పఱచినది. దాని యజెండాలో ఈ యంశమును జేర్పుమని సభ్యులను అడుగుట యేమంత కష్టము? అడుగవలసిన దొక్కటి తేదీ. సర్కారు సంవత్సరము ఏప్రిల్‌లో మొదలగును. బడులు జూన్‌లో తెఱచును. రెండవ వాయిదాలు ఫిబ్రవరి, మార్చి నెలలలో హడావుడిగా విడుదలై, మార్చి 31వ తేదీలోపల ఏదో యొకదానికి వ్యయమగును. చదువు మానిన బాలుడు మరల బడికి బోవునా మానునా యనునది జూన్ రెండవ వారములో తేలును. ఆ వారమునకు ముందే మొదటి వాయిదా గట్టుమీది గుడిసెకు జేరవలెను.